దమనకునకు శిక్ష పడలేదా?

చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రభేదమును తరగతిలో చెప్పి ముగించిన ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పింగళకుడను సింహమునకును, సంజీవకుడను వృషభమునకును నడుమ దమనకుడు పగ రగిల్చినాడు. ఏ పాపము నెరుగని సంజీవకుడు హతుడైనాడు. రాజు దుఃఖించుచుండగా ఆ నక్కయే చెంత జేరి ఓదార్చినది. వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “దమనకునికి శిక్ష పడలేదాండీ, మాస్టారూ?” అని యడుగును. “అది రాజనీతి, నాయనా” అని నేను పలుమార్లు తప్పించుకొంటిని.

ఈ ప్రశ్ననే ఎనిమిదవ శతాబ్దమున ఒక అరబ్బీ రచయిత వేసికొన్నాడు.

పంచతంత్రము మన దేశము దాటినది ఆరవ శతాబ్దమున. పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాను (531-579) కొలువులోని బుర్జోయ్ అను వైద్యుడు దానిని పహ్లవీ భాషలోనికి మార్చెను. మృతులను బ్రతికించు మూలికను వెదకుచు ఆతడు భారతదేశమునకు వచ్చెననియు, మూలిక యనగా జ్ఞానమే, మృతులనగా అజ్ఞానులేయని ఒక వృద్ధుడు తెలిపి ఈ గ్రంథమును చూపెననియు ఫిరదౌసి షానామాలో చెప్పినాడు. ఆ పహ్లవీ ప్రతి నేడు లేదు. దాని సంతానమైన సిరియాక్, అరబ్బీ ప్రతులు మాత్రము మిగిలినవి.

అరబ్బీలోనికి తెచ్చినవాడు ఇబ్న్ అల్ ముకఫ్ఫా. పుట్టుకచే పారశీకుడు, పూర్వుల మతమును వీడి ఇస్లామును స్వీకరించినవాడు. 750 ప్రాంతమున ఆతని చేతిలో కరటక దమనకులు కలీలా, దిమ్నాలైనారు. గ్రంథమునకును అదియే పేరైనది. వృషభము కథ ముగిసిన పిమ్మట, సంస్కృతమున లేని అధ్యాయమొకటి అందు గలదు. అది ఆతడు చేర్చినదేయని పండితుల తలంపు. నక్కల సంభాషణమును ఒక చిరుతపులి చాటుగా విని సింహము తల్లికి చెప్పును. ఆమె పట్టుపట్టగా న్యాయవిచారణ జరుగును. దిమ్నా చెరసాలలో పడియు గొప్పగా వాదించును. తుదకు సాక్ష్యము బలపడి మరణశిక్షకు గురియగును.

కథానిర్మాణమున సంస్కృతమే మిన్న యని నా యభిప్రాయము. విష్ణుశర్మ శిష్యులు రాజకుమారులు. ఇట్టి మంత్రి గెలిచి నిలుచుననియే వారు భయపడవలెను. దమనకుని శిక్షించినచో ఆ భయము సడలును. అయినను ఇబ్న్ అల్ ముకఫ్ఫాను తప్పుపట్టజాలను. ఆతడు కొలువుల కుట్రల నడుమ బ్రదికినవాడు. చివరకు పాలకుల యాగ్రహమునకే బలియైనాడు. కథలోనైన ఒక విచారణ జరుగవలెనని కోరుటలో వింత యేమి?

ఆ అరబ్బీ ప్రతినుండియే కథలు 1251లో స్పానిష్ భాషకు చేరినవి. హీబ్రూ మీదుగా లాటినుకును, ఇటాలియను మీదుగా 1570లో థామస్ నార్తు చేత ఇంగ్లీషునకును పోయినవి. ఫ్రెంచి కవి లా ఫొంటేను 1678లో తన కథలకు భారతీయ ఋషి పిల్పే ఋణమును బాహాటముగా ఒప్పుకొన్నాడు. ఊహలలో తేలి పేలపిండి కుండను తన్నిన మన బ్రాహ్మణుడు అరబ్బీలో తేనె, నేయి దాచుకొన్న తపస్వియైనాడు. ఫ్రాన్సులో నెత్తిన పాలకుండతో గంతువేసిన పడుచునకును ఆతనికిని చుట్టరికము గలదు.

మరుసటి యేడు అదే పాఠము, అదే ప్రశ్న. ఈసారి తప్పించుకొనక, దూరదేశమున జరిగిన ఆ విచారణను, చిరుతపులి సాక్ష్యమును చెప్పితిని. తరగతి యంతయు సంతోషించినది. అడిగిన పిల్లవాడు మాత్రము కూర్చుండలేదు.

“మరి సంజీవకుడో, మాస్టారూ?”