డర్ట్ బైక్ సస్పెన్షన్: స్క్రూ తిప్పే ముందు టేపు పట్టండి

మోటోక్రాస్ ట్రాక్ మీద ఎగిరి దూకే బండికీ, రాళ్ల వాగులో మెల్లగా పాకే బండికీ ఒకే సెట్టింగ్ ఎందుకు సరిపోదు? సస్పెన్షన్‌లో బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎంత వేగంగా కుంగాలో, ఎంత వేగంగా లేవాలో చూసుకునేది ఆయిల్. స్ప్రింగు చేయాల్సిన పని ఆయిల్‌తో చేయించబోతేనే చిక్కంతా. కొత్తవాళ్లు నేరుగా స్క్రూడ్రైవర్ అందుకుని చేసేది అదే.

ముందు సాగ్ కొలవాలి. బండిని స్టాండెక్కించి, వెనక చక్రం వేలాడుతుండగా ఇరుసు నుంచి ఫెండర్ మీద పెట్టుకున్న గుర్తు దాకా టేపు పట్టండి. తర్వాత బూట్లు, హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చుంటే ఇంకొకరు అదే చోట కొలవాలి. ఆ తేడాయే సాగ్. చక్రం సుమారు 300 మి.మీ. ఆడే పెద్ద మోటోక్రాస్ బండికి అది 100-105 మి.మీ. ఉండాలి, అంటే దాదాపు మూడో వంతు. ఎక్కువ కుంగితే స్ప్రింగుని నొక్కిపట్టే ప్రీలోడ్ రింగు బిగించాలి. ఇప్పుడు దిగి, బండి తన బరువుకే ఎంత కుంగిందో చూడండి. 30-40 మి.మీ. బాగుంటుంది. మరీ తక్కువుంటే? స్ప్రింగు గట్టిదనుకుంటారు కానీ, నిజానికి మీ బరువుకి అది మెత్తనిది. మెత్తనిది కాబట్టే అంతలా బిగించాల్సి వచ్చింది. మార్చాల్సింది స్ప్రింగునే.

ఆ తర్వాతే క్లిక్కులు, అంటే ఆయిల్ పనిని మార్చే స్క్రూలు: కుంగే వేగానికి కంప్రెషన్, లేచే వేగానికి రీబౌండ్. జంపులకు కంప్రెషన్ బిగించాలి, లేకపోతే దిగినప్పుడు ఫోర్క్ అడుగంటా కొట్టుకుంటుంది. రాళ్లలో, చెట్ల వేర్లలో వదులు చేయాలి. ఇసుకలో ముందు కాస్త గట్టిగా, వెనక సాగ్ కొంచెం ఎక్కువగా ఉంటే ముందు చక్రం ఇసుకలో కూరుకుపోదు. హైస్పీడ్ కంప్రెషన్ అనే మాటలో స్పీడ్ అంటే బండి వేగం కాదు, షాక్ రాడ్ కదిలే వేగం. గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తూ పదునైన రాయిని గుద్దినా అది హైస్పీడే.

అందరూ తికమకపడేది రీబౌండ్ దగ్గరే. మరీ బిగిస్తే వరస గతుకుల్లో షాక్ పూర్తిగా లేవకముందే తర్వాతి దెబ్బ పడుతుంది. గతుకు గతుక్కీ వెనకభాగం కిందికి దిగుతూ, చివరికి రాయిలా గట్టిపడుతుంది. కంప్రెషన్ గట్టిగా ఉందనుకుని దాన్ని వదులు చేస్తే ఇంకా కుంగుతుంది. అక్కడ తిప్పాల్సింది రీబౌండ్‌ని, వదులు వైపు.

మన రోడ్ల మీద కనిపించే బళ్లలో చాలావాటికి ముందు ఫోర్క్‌కి ఈ స్క్రూలే (క్లిక్కర్లు) ఉండవు. అవి ఉన్న ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో లాంటి బళ్లు అరుదు. అయినా వెనక ప్రీలోడ్‌తో సాగ్ సరిచేసుకోవచ్చు. క్లిక్కర్ ఉంటే మాత్రం మెల్లగా పూర్తిగా బిగిస్తూ, ఇప్పుడెన్ని క్లిక్కుల మీద ఉందో లెక్కపెట్టి రాసుకుని, మళ్లీ అన్నే క్లిక్కులు వెనక్కి తిప్పండి. ఆయిల్ కాస్త వేడెక్కేదాకా నడిపాక, ఒకసారికి రెండు క్లిక్కులే, ఒక్క స్క్రూనే తిప్పి, అదే దారిలో మళ్లీ నడిపి చూడండి.