సహల్ అంటే మాల్ ఒక్కటేనా? ముంబైలో మన పిల్లలకు చూపించాల్సినవి

దీపావళి సెలవులు అయిపోయి బడులు తెరవగానే మన పూర్వ భాగంలో ఇంటింటా ఒకటే మాట. ఈసారి సహల్ ఎక్కడికి? చిన్న తరగతుల వాళ్ళకు పండరీపురం, తుల్జాపూర్ చాలు. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు మాత్రం ముంబై తప్ప ఇంకో పేరు చెప్పరు. సర్లు కూడా సరే అంటారు. బస్సు మాట్లాడతారు. ఒక వాటర్ పార్క్, ఒక మాల్, రాత్రి దీపాల్లో సముద్రం, మళ్ళీ బస్సు. ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి "ఏం చూసినవ్ రా?" అని అడిగితే ఫోన్‌లో ఫొటోలు చూపిస్తాడు. అంతే.

ఆ పైసలు ఎట్లా వచ్చాయో మనకు తెలుసు. వెయ్యి బీడీలు చుడితే చేతికెంత వస్తుందో, సాంచెల మీద ఒక పాళి నిలబడితే ఎంత వస్తుందో మన ఇళ్ళలో ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. సహల్ ఫీజు కొన్ని ఇళ్ళలో రెండు వారాల సరుకుల ఖర్చు. అంత పెట్టి పంపినప్పుడు పిల్లలు ఆడుకోవాలి, నవ్వాలి, దాంతో పాటు ఏదైనా నేర్చుకుని కూడా రావాలి. పైగా ముంబై మనకు పరాయి ఊరు కాదు. ఆ ఊరు కట్టిన చేతుల్లో మన వాళ్ళ చేతులున్నాయి. ఆ సంగతి తెలియకుండా పిల్లలు తిరిగొస్తే అది మన తప్పు, వాళ్ళది కాదు.

ముందు చేయాల్సిన పనులు

బస్సు కన్నా రైలు మేలు. మన సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఇక్కడ ఎక్కితే పొద్దున్నే ముంబైలో దించుతుంది. ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది. చదువు కోసం వెళ్ళే విద్యార్థుల జట్టుకు రైల్వే సెకండ్ క్లాసులో, స్లీపర్‌లో సగం రాయితీ ఇస్తుంది. ఎస్‌సీ, ఎస్‌టీ పిల్లలకు రాయితీ ఇంకా ఎక్కువ. దీనికి హెడ్‌మాస్టర్ సంతకంతో పిల్లల పేర్లు, వయసులు రాసిన పత్రం కావాలి. స్టేషన్‌లో ఏ కాగితాలు అడుగుతారో రెండు నెలల ముందే వెళ్ళి కనుక్కోవాలి. చాలా బడులు ఈ పని చేయక పూర్తి టికెట్టు కడుతున్నాయి.

బస కోసం లాడ్జీల వెంట పడకండి. ముంబైలో దాదర్, వర్లీ వైపు తెలుగు సంఘాలున్నాయి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. బడి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి, పిల్లల బృందానికి ఒక్క రాత్రి తల దాచుకునే చోటు ఎక్కడైనా దొరుకుతుందా అని అడగడంలో నామోషీ ఏముంది? హాల్ దొరకకపోయినా దారి చెప్పేవాళ్ళు దొరుకుతారు.

ఏ రోజు వెళ్ళాలో కూడా చూసుకోవాలి. ఎలిఫెంటా గుహలు, బోరివలీ అడవి, నెహ్రూ ప్లానెటేరియం సోమవారం మూసి ఉంటాయి. బైకళా రాణీబాగ్ బుధవారం మూస్తారు. మిగతా చోట్లకు వెళ్ళే ముందు ఫోన్ చేసి టైము, విద్యార్థుల టికెట్టు అడిగి రాసుకోండి.

మొదటి రోజు: స్టేషన్ నుంచి సముద్రం దాకా

రైలు దిగగానే పిల్లల్ని బయటికి తోలకండి. దిగిన చోటే మొదటి పాఠం. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ కట్టడం 1878లో మొదలై పదేళ్ళు సాగింది. నక్ష గీసినవాడు ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు 1853 ఏప్రిల్ 16న ఇక్కడి బోరీబందర్ నుంచే ఠాణేకు పోయింది. రోడ్డు దాటి ఎదురుగా నిలబడి పైకి చూడమనండి. రాతిలో చెక్కిన నెమళ్ళు, కోతులు, ఆకులు, పూలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టే పోటీ పెట్టండి. పైసా ఖర్చు లేదు.

అక్కడి నుంచి నాలుగడుగుల్లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్. 1857లో మొదలైంది. మన చద్దర్ల మీద, తువ్వాళ్ళ మీద జాకార్డ్ డిజైన్లు గీసే ఇళ్ళ పిల్లలు మన బడుల్లో ఉన్నారు. బొమ్మలు వేసే పిల్లను "పుస్తకాల్లో గీతలేంది?" అని తిట్టే బదులు, గీతలు గీయడం కూడా ఒక చదువే, దానికి ఇంత పెద్ద కాలేజీ ఉంది అని గేటు దగ్గర నిలబెట్టి చూపిస్తే చాలు.

తర్వాత 1922లో తెరిచిన మ్యూజియం. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. సింధు నాగరికత వస్తువులు, శిల్పాలు, పాత బట్టలు, ఈ మూడు గదులు ఎంచుకోండి. ఒక్కొక్కరు నచ్చిన ఒక్క వస్తువు ముందు పది నిమిషాలు కూర్చుని బొమ్మ వేయాలి, నాలుగు వాక్యాలు రాయాలి. తెలుగులో రాసినా సరే, మరాఠీలో రాసినా సరే.

సాయంత్రం గేట్‌వే. 1911లో ఇంగ్లండు రాజు ఐదో జార్జి వచ్చిన గుర్తుగా తలపెట్టి 1924లో పూర్తి చేశారు. పిల్లలకు చెప్పాల్సిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆఖరి బ్రిటిష్ పటాలం 1948 ఫిబ్రవరి 28న ఇదే ద్వారం కింద నడిచి ఓడ ఎక్కి వెళ్ళిపోయింది. రాజు రాకకు కట్టిన ద్వారం సేన పోవడానికి పనికొచ్చింది. ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, పిల్లలు ఫోన్లు దించుతారు.

రెండో రోజు: మన వాళ్ళ ముంబై

ఇది ఏ టూర్ వాళ్ళ కాగితంలోనూ ఉండదు. కానీ మన పిల్లలకు ఇదే ముఖ్యం.

ముంబైలో మొదటి నూలు గిరణిని కావస్జీ నానాభాయ్ దావర్ తాడ్‌దేవ్‌లో పెట్టాడు. 1856లో అది పని మొదలుపెట్టింది. మన జునీ గిరణి 1877లో వచ్చింది. తర్వాత లాల్‌బాగ్, పరేల్, వర్లీ అంతా గిరణులే. ఆ ప్రాంతానికి గిర్‌ణగావ్ అని పేరు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం వదిలి బయల్దేరిన పద్మశాలీలు కొందరు ఇక్కడ సోలాపూర్‌లో దిగారు, కొందరు ముందుకు పోయి వర్లీ చాళ్ళలో దిగారు. అంతకు ముందే రోడ్లు, ఇళ్ళు కట్టే పనులకు నిజాం రాజ్యం వైపు నుంచి పోయిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా అనే పేరు వాళ్ళ వల్లనే వచ్చింది. ఆ పేరు చెప్తే ఇప్పుడు జనం వేరే అర్థంలో నవ్వుతారు. రాళ్ళు మోసి ఊరు కట్టినవాళ్ళ పేరు అది అని మన పిల్లలకైనా తెలియాలి.

ఇంకో మాట. జ్యోతిబా ఫూలే 1873లో సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు ముంబైలో దానికి అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ లాంటి తెలుగువాళ్ళు ఉన్నారు. అదే సమాజ్‌కు చెందిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో గిరణి కార్మికుల సంఘం కట్టాడు. ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్ 10 నుంచి కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది. మనం సుఖంగా అనుభవిస్తున్న ఆదివారం వెనక ఇంత కథ ఉంది.

పొద్దున లాల్‌బాగ్ నుంచి లోవర్ పరేల్ వైపు ఒక గంట నడిపించండి. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలు కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడా పాత చిమ్నీలు మిగిలాయి. ఫీనిక్స్ మిల్లు జాగాలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది, చిమ్నీ మాత్రం నిలబడే ఉంది. పిల్లలు ఎట్లాగూ మాల్ అడుగుతారు కదా, ఇదే మాల్ చూపించండి. కానీ లోపలికి పోయే ముందు చిమ్నీ కింద ఐదు నిమిషాలు నిలబెట్టి చెప్పండి: 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెను ఆపినట్టు ఎవరూ అధికారికంగా ప్రకటించనే లేదు. చాలా గిరణులు మళ్ళీ తెరుచుకోలేదు. వేలాది కుటుంబాలు ఊళ్ళకు తిరిగిపోయాయి. మన గల్లీల్లోనూ అప్పుడు వచ్చిన ముసలివాళ్ళు ఉంటారు. బయల్దేరే ముందే పిల్లలు వాళ్ళ దగ్గర కూర్చుని, ఏ ఖాతాలో పని చేశారు, భోంగా ఎన్ని గంటలకు మోగేది, జీతం ఎంత, అని అడిగి రాసుకుంటే ఆ చిమ్నీ ఉత్త ఇటుకల కుప్పలా కనబడదు.

మధ్యాహ్నం వర్లీలో నెహ్రూ సైన్స్ సెంటర్. పిల్లలు చేత్తో తిప్పి, నొక్కి, లాగి చూసే యంత్రాలు ఉంటాయి. అక్కడ తొందరపెట్టవద్దు, కనీసం మూడు గంటలు వదలండి.

సాయంత్రం మాటుంగా. వి.జె.టి.ఐ. కాలేజీ 1887లో మొదలైంది. గిరణులకు పనికొచ్చే సాంకేతిక చదువు చెప్పడం కోసమే దాన్ని పెట్టారు. దాని దగ్గర్లోనే ఐ.సి.టి. ఉంది, 1933లో మొదలైనప్పుడు అక్కడ చెప్పిన చదువుల్లో బట్టల రసాయనశాస్త్రం ఒకటి. రంగుల గుంతల దగ్గర చేతులు కాల్చుకునే మన వాళ్ళ పని వెనకున్న శాస్త్రం అది. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే లోపలికి పోవచ్చు. అక్కడ చదివే ఒక్క విద్యార్థితో మన పిల్లలు పావుగంట మాట్లాడితే చాలు. ఏ పరీక్ష రాయాలి, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ ఎట్లా అనే మూడు ప్రశ్నలు రాసుకుని పోవాలి. పదో తరగతి కాగానే సాంచెల మీదికి పోయే పిల్లవాడికి ఈ పావుగంట దారి మార్చవచ్చు.

వీలుంటే దాదర్ సముద్రం ఒడ్డున చైత్యభూమికి వెళ్ళి, 1956లో అంబేడ్కర్ గారి అంత్యక్రియలు జరిగిన చోట దండం పెట్టుకుని స్టేషన్‌కు రండి.

మూడో రోజు ఉంటే బోరివలీ దగ్గర కాన్హేరీ గుహలు. కొండలో తొలిచినవి నూరుకు పైనే ఉన్నాయి. అక్కడ శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం ఉంది. గోదావరి, కృష్ణా తీరాలు ఏలిన రాజుల మాట ముంబై కొండ మీద చెక్కి ఉందంటే మన రాకపోకలు ఈనాటివి కావని పిల్లలకు తెలుస్తుంది.

జాగ్రత్తలు

లోకల్ రైలు పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎక్కించవద్దు. పది మందికి ఒక పెద్దమనిషి ఉండాలి. ప్రతి పిల్లవాడి జేబులో పేరు, బడి పేరు, ఇద్దరు సర్ల నంబర్లు రాసిన చీటీ ఉండాలి. తప్పిపోతే అక్కడే నిలబడాలి, వెతుక్కుంటూ తిరగకూడదు అని ముందే నేర్పండి. రైల్వే సాయానికి 139, పిల్లల సాయానికి 1098, పోలీసులకు 112. సముద్రంలోకి ఎవరూ దిగవద్దు. ఒడ్డు చదునుగా కనిపించినా పోటు వచ్చినప్పుడు నీళ్ళు లాగేస్తాయి.

తిండికి ఇంటి నుంచి కడక్ రొట్టెలు, శేంగా చట్నీ కట్టివ్వండి, రెండు రోజులు చెడవు. వడాపావ్ ఒక పూట తిననివ్వండి, అది తినకుండా ముంబై చూసినట్టు కాదు. నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళకే ఉండాలి.

ఆడపిల్లల్ని ఆపకండి

ప్రతి ఏటా పేర్ల పట్టీలో అబ్బాయిలు ఎక్కువ, అమ్మాయిలు తక్కువ. "ఆడపిల్ల, రాత్రి ప్రయాణం, ఎట్లా పంపాలె?" అని అమ్మలు అంటారు. భయం అబద్ధం కాదు. దానికి ఏర్పాటు చేయాలి గానీ పిల్లను ఆపకూడదు. ఇద్దరు మేడంలు వస్తేనే సహల్ అని పేరెంట్స్ మీటింగులో గట్టిగా చెప్పండి. తల్లుల్లో ఒకరిద్దరిని తోడు పంపండి, వాళ్ళ ఖర్చు అందరూ పంచుకోండి. బీడీ ఆకు కత్తిరిస్తూ పెరిగిన పిల్ల ఒక్కసారి కాలేజీ గేటు చూసి వస్తే, పెళ్ళి మాట వచ్చినప్పుడు "ఇంకా చదువుకుంటా" అనే ధైర్యం వస్తుంది.

చివరిగా పైసల మాట. ఫీజు కట్టలేదని తరగతిలో ఏ పిల్లవాడి పేరూ చదవవద్దని సర్లకు మా మనవి. జూన్‌లోనే మొదలుపెట్టి నెలకు యాభై రూపాయల చొప్పున జమ చేస్తే డిసెంబరుకు మూడువందల యాభై అవుతాయి, సగం భారం తగ్గుతుంది. అప్పటికీ కట్టలేని ముగ్గురు నలుగురు ఉంటే గల్లీ మండళ్ళు ఆదుకోవాలి. గణపతి పందిరికి ఇచ్చే చందాలో ఒక్క వంతు ఇటు తిప్పితే ఏ పిల్లవాడూ వెనక మిగలడు. ఈ మాట వచ్చే మండలి మీటింగులో ఎవరో ఒకరు లేచి అడగాలి. ఆ ఒకరు మీరే కావచ్చు.