పది నుంచి సున్నా దాకా... ప్రోగ్రామింగ్ మనకూ వస్తుంది!

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున సూళ్ళూరుపేటలోని మా ఇంట్లో పొయ్యి మీద ఏమున్నా సరే, మంట ఆపేసి మేడెక్కాల్సిందే. ‘పది, తొమ్మిది, ఎనిమిది...’ అనే లెక్క ఇన్నేళ్ళుగా వింటున్నాను గానీ, కంప్యూటర్ చదువుకు అదే మంచి మొదటి పాఠమని మొన్న మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు. ఇంటర్‌తో చదువాపేసిన నాకే అర్థమైంది. మీకెందుకు కాదు?

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడాన్ని ‘లూప్’ అంటారు. మనకిది కొత్తా ఏమన్నానా? ‘పన్నెండు దోసెలు వెయ్యి’ అంటే లెక్కతో ఆగే లూప్. ‘కోవా దగ్గరపడేదాకా కలుపు’ అంటే షరతుతో ఆగే లూప్.

రాకెట్ లెక్కను ఇలా రాసుకోండి:

1. ఒక డబ్బాలో 10 వెయ్యండి. ఈ డబ్బానే ‘వేరియబుల్’ అంటారు.
2. అందులోని అంకె సున్నా కంటే ఎక్కువ ఉన్నంతసేపూ కింది రెండు పనులూ చెయ్యండి.
3. ఆ అంకెను తెర మీద చూపించండి.
4. అందులోంచి 1 తీసేసి, మళ్ళీ రెండో మెట్టుకు వెళ్ళండి.
5. సున్నా కాగానే ‘రాకెట్ ఎగిరింది’ అని చూపించండి.

మొదటిసారి నేను నాలుగో మెట్టు మరిచిపోయాను. ఇంకేముంది, తెర నిండా 10, 10, 10... ఆగితే ఒట్టు! కంప్యూటర్ పాడు చేశానేమోనని చెమటలు పట్టాయి. మా అమ్మాయి నవ్వి, కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కి ఆపింది. ‘‘అంకె తగ్గకపోతే సున్నా ఎప్పుడొస్తుందమ్మా?’’ అంది. పొయ్యి వెలిగించకుండా పాలు పొంగేదాకా కాచుక్కూర్చున్నట్టే ఉంది నా పని!

అసలు రాకెట్ లెక్కలో ‘అంతా సరిగ్గా ఉందా?’ అని చూసుకునే షరతు కూడా ఉంటుంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డి1 ఎగరడానికి 5 సెకన్లుందనగా కంప్యూటరే లెక్క ఆపేసింది. కారణం కనిపెట్టి సరిచేశాక, ఆ ఉదయం 10 గంటలకే ఎగిరింది. సమయానికి ఆగడం కూడా ప్రోగ్రాముకు తెలియాలన్నమాట.

ఇక పదాల లెక్క. ‘గుత్తి వంకాయ కూర’ను ఖాళీ ఉన్నచోటల్లా విడగొట్టండి. సున్నా ఉన్న డబ్బాలో ఒక్కో పదానికీ 1 కలుపుతూ పోండి. 3 వస్తుంది. ఇదీ లూపే! పత్రికకు పంపే ముందు ఈ వ్యాసాన్నీ అలాగే లెక్కపెట్టించాను.

చిట్కా: పైథాన్ అనే కంప్యూటర్ భాష ఉచితంగా దొరుకుతుంది. మెట్లు ముందు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

ఒకప్పుడు కంప్యూటర్ ముందున్న మా అమ్మాయిని అన్నానికి పిలవడానికే ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. ఇప్పుడు గిన్నెలు సర్దేసి పక్కన కుర్చీ వేసుకుంటున్నాను. మీరూ వేసుకోండి!