విశ్రాంత ఉద్యోగులకు వైద్య బీమా సహాయము

ప్రభుత్వ కొలువు నుండి పదవీ విరమణ చేసినవారు నగదు రహిత చికిత్స పొందుటకు, చేసిన వైద్య ఖర్చు తిరిగి రాబట్టుకొనుటకు ప్రతిఫలము ఆశించకుండా తోడ్పడు సేవను విశ్రాంత ఉద్యోగుల వైద్య బీమా సహాయము అనవచ్చును. తెలుగు రాష్ట్రాలలో ఈ పని చేయువారు ఎక్కువగా పింఛనుదారులే. అమెరికాలో 1990 నాటి చట్టము ద్వారా వృద్ధులకు బీమా సలహా ఇచ్చు కేంద్రాలు ఏర్పడినవి. అక్కడ కూడా ఎందరో స్వచ్ఛంద సేవకులు పనిచేయుచున్నారు.

నేపథ్యము

ఉమ్మడి రాష్ట్రములో 1972 నాటి ఆంధ్రప్రదేశ్ ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్ ప్రకారము ముందు రోగి చెల్లించి, తరువాత బిల్లు పెట్టుకొనవలెను. ఈ ఇబ్బంది తొలగించుటకు 2013 డిసెంబరు 5న ఉద్యోగుల ఆరోగ్య పథకము ప్రారంభమైనది. అప్పట్లో స్థాయిని బట్టి నెలకు 90 లేదా 120 రూపాయలు మినహాయించేవారు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో జర్నలిస్టులను కూడా ఇందులో చేర్చారు. 2016 డిసెంబరులో హైదరాబాదు ఖైరతాబాదులో మొదటి వెల్‌నెస్ సెంటరు తెరిచారు.

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలములోని చందనవెల్లి వంటి గ్రామములో, లేదా చుట్టుపక్కల చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలలో స్థిరపడిన పింఛనుదారునికి పెద్ద వైద్యమంటే సాధారణముగా నగర ప్రయాణమే. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినపుడు ఏ ఆసుపత్రి జాబితాలో ఉన్నదో వెదకుట సాధ్యము కాదు. దగ్గరలో ఉన్నదానికే తీసుకొని వెళ్ళుదురు. చిక్కు అక్కడే మొదలగును.

బిల్లు ఎందుకు తిరిగి వచ్చును

డిశ్చార్జి అయిన ఆరు నెలలలోగా బిల్లు సమర్పించవలెను. దానితో డిశ్చార్జి సమ్మరీ, అసలు రశీదులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, అత్యవసరమైనచో ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు, ఇంతకుముందు ఈ సొమ్ము తీసుకొనలేదని తెలుపు నాన్ డ్రాయల్ సర్టిఫికెట్టు జతచేయవలెను. ఒక సంతకము లేకున్నను, పింఛను పత్రములోని పేరు, ఆధార్‌లోని పేరు కలియకున్నను కట్ట తిరిగి వచ్చును. డెబ్బది ఏండ్లు దాటి, శస్త్రచికిత్స నుండి కోలుకొనుచున్న మనిషికి ఈ ఆరు నెలలు ఎంత త్వరగా గడచిపోవునో ఊహించవచ్చును. భర్త మరణానంతరము కుటుంబ పింఛను పొందు స్త్రీల పరిస్థితి మరింత కష్టము. ఆయన ఏ కార్యాలయములో విరమణ చేసినదీ తెలిసినను, అక్కడ ఎవరిని అడగవలెనో వారికి తెలియదు. సహాయకుల శ్రమలో అధిక భాగము ఈ కాగితాల సవరణకే పోవును.

న్యాయస్థానాల తీర్పులు

2018 ఏప్రిల్ 13న శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చినది. ఆయన కేంద్ర ప్రభుత్వ విశ్రాంత అధికారి. ఆసుపత్రి పేరు ప్రభుత్వ జాబితాలో లేదన్న ఒక్క కారణముతో ఖర్చు నిరాకరించరాదనియు, చికిత్స నిజముగా జరిగినదా లేదా అన్నదే చూడవలెననియు న్యాయస్థానము చెప్పినది. పింఛనుదారుల ఫిర్యాదుల కొరకు ప్రతి నెల సమావేశమగు ఉన్నతస్థాయి సంఘమును వేయుమని కూడా ఆదేశించినది. ఈ తీర్పు కేంద్ర పథకమునకు సంబంధించినదే అయినను, రాష్ట్ర పింఛనుదారుల అర్జీలలో దీనిని ఉదహరించుట ఉపయోగకరము.

బీమా సంస్థతో వివాదము

బ్యాంకుల విశ్రాంత ఉద్యోగులకు 2015 నుండి సామూహిక వైద్య బీమా ఉన్నది. మొదట ప్రీమియము భారము వారిదిగానే ఉండేది. బీమా సంస్థ క్లెయిము తిరస్కరించినచో ముందు ఆ సంస్థకే వ్రాయవలెను. నెల రోజులలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. రుసుము లేదు. అయితే అక్కడ ఫిర్యాదును పాలసీదారు గాని, వారసులు లేదా నామినీ గాని ఇవ్వవలెను. సహాయకుడు వ్రాసిపెట్టగలడే తప్ప తన పేర ఇవ్వలేడు. వినియోగదారుల కమిషన్‌లో మాత్రము న్యాయవాది కానివారు కూడా ఫిర్యాదుదారు పక్షాన హాజరు కావచ్చునని 2011లో సి. వెంకటాచలం కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. ఎక్కడికి వెళ్ళినను అసలు రశీదుల నకళ్ళు రెండు జతలు ముందే తీసి ఉంచుట, కాగితాలు అందినట్లు ముద్ర వేయించుకొనుట అవసరము.