వేటు వేసే చెయ్యి

సామాజిక మాధ్యమ వేదిక చట్టం దృష్టిలో ‘మధ్యవర్తి’, అంటే ఒకరి మాటను మరొకరికి చేరవేసే సంస్థే తప్ప ఆ మాటకు కర్త కాదు. అందుకే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్, ఖాతాదారు రాసినదానికి ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్ వంటి సంస్థలను కొన్ని షరతులకు లోబడి బాధ్యత నుంచి తప్పిస్తుంది. అయితే ఖాతా తెరిచేటప్పుడు దాదాపు అందరూ చదవకుండానే ఒప్పుకునే నిబంధనావళి ఒకటుంటుంది, దాన్ని మీరిన పోస్టును తీసేయడానికి, ఖాతాను కొంతకాలం ఆపడానికి, చివరికి శాశ్వతంగా మూసేయడానికి ఆ సంస్థకు అధికారం ఉంటుంది. ఖాతాదారు శాసనసభ్యుడో, ముఖ్యమంత్రో, దేశాధ్యక్షుడో అయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే లక్షల మంది ఓట్లేసి గెలిపించిన నోటికి, ఎవరినీ ఏనాడూ ఓటు అడగని కంపెనీ తాళం వేస్తుంది.

తెలుగు నేలపై ఈ చిక్కుకు పేరు హైదరాబాద్‌లోని గోషామహల్ నియోజకవర్గం. 2018 ఎన్నికల్లో తెలంగాణ మొత్తంమీద బీజేపీ తరఫున గెలిచిన ఒకే ఒక్క ఎమ్మెల్యే, అక్కడి టి. రాజాసింగ్ విద్వేష వ్యాఖ్యలపై నిబంధనలు ప్రయోగించకుండా ఫేస్‌బుక్ భారత విభాగపు ఉన్నతాధికారి అడ్డుపడ్డారని, వ్యాపారం దెబ్బతింటుందన్న జంకే అందుకు కారణమని 2020 ఆగస్టు 14న అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. తమకు ఏ పార్టీ అయినా ఒకటేనని సంస్థ చెప్పుకుంది గాని, మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబర్ 3న, హింసను, విద్వేషాన్ని ప్రోత్సహించేవారికి తమ వేదికపై చోటు లేదన్న నిబంధన కింద ఆయనపై వేటు వేసింది. తనకు అధికారిక పేజీయే లేదని, తన పేరుతో ఎవరెవరో నడుపుతున్నారని ఎమ్మెల్యే జవాబిచ్చారు. ఏ పోస్టుకు, ఎవరు విచారించి ఈ శిక్ష ఖాయం చేశారో గోషామహల్ ఓటరుకు వివరంగా చెప్పిన వారు లేరు. నిబంధన ముందునుంచీ ఉన్నదే, వ్యాఖ్యలూ పాతవే. మధ్యలో కొత్తగా వచ్చింది పత్రికలో కథనం ఒక్కటే.

వేటు పడ్డాక మాట ఆగలేదు, దారి మార్చుకుంది. 2022 ఆగస్టులో మాదాపూర్ శిల్పకళావేదికలో హాస్య కళాకారుడు మునావర్ ఫారూఖీ ప్రదర్శన జరిగిన తర్వాత రాజాసింగ్ వీడియో ఒకటి యూట్యూబ్‌లో వెలువడి, అది ప్రవక్తను అవమానించిందంటూ నగరంలో నిరసనలు రేగగా, ఆగస్టు 23న పోలీసులు ఆయనను అరెస్టు చేశారు, పార్టీ సస్పెండ్ చేసింది, నాంపల్లి కోర్టు అదే రోజు విడుదల చేసింది. రెండు రోజుల తర్వాత ఆయనను పీడీ చట్టం కింద, అంటే నేరం రుజువు కాకముందే ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం కింద, మళ్ళీ జైలుకు పంపారు. నవంబర్ 9న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేస్తూనే, రెచ్చగొట్టే ప్రసంగాలు చేయరాదని, సామాజిక మాధ్యమాల్లో కించపరిచే పోస్టులు పెట్టరాదని షరతు విధించింది. పీడీ చట్టం మెచ్చుకోదగిన ఆయుధమేమీ కాదు, దాని దుర్వినియోగానికి ఉదాహరణలు కొల్లలు. అయినా అక్కడ కాగితం మీద ఉత్తర్వు ఉంది, దానికి కారణాలున్నాయి, వాటిని ప్రశ్నించే వకీలున్నాడు, వినే న్యాయమూర్తి ఉన్నాడు. ఫేస్‌బుక్ వేటులో ఈ నాలుగింటిలో ఒక్కటీ బయటికి కనబడదు. 2023లో గోషామహల్ ఆయననే మూడోసారి గెలిపించింది, 2025 ఫిబ్రవరిలో ఆయనకు సంబంధించిన ఫేస్‌బుక్ గ్రూపులను, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మళ్ళీ తొలగించాల్సి వచ్చింది.

దీనికి తలకిందులైన పొరపాటు కూడా తెలుగువారికి కొత్త కాదు. 2019 సెప్టెంబర్‌లో జనసేన మద్దతుదారుల ఖాతాలను, పార్టీ అధినేత పవన్ కల్యాణ్ చెప్పిన లెక్కలో 400 వరకు, ట్విటర్ (నేటి ఎక్స్) ఒక్కసారిగా నిలిపివేసింది, ఆయన బహిరంగంగా నిలదీశాక కొద్ది రోజుల్లో అవి తిరిగొచ్చాయి. అడిగినవాడు అగ్రకథానాయకుడు కాబట్టి కంపెనీకి వినబడింది, హైదరాబాద్‌లోని బోరబండ డివిజన్‌లో జెండా మోసే కార్యకర్త ఖాతా పోతే అతని మొర వినేది యంత్రం పంపే అచ్చు జవాబే.

అదే నగరంలోని ఫిల్మ్‌నగర్‌లో ఏ నిర్మాతను అడిగినా ఇంతకంటే మెరుగైన పద్ధతి ఒకటి చెబుతాడు. సెన్సార్‌ను తిట్టని నిర్మాత అరుదే గాని, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అక్కడ కట్‌ల జాబితా రాతపూర్వకంగా చేతికి వస్తుంది, పరిశీలక సంఘం నిర్ణయం నచ్చకపోతే పునఃపరిశీలక సంఘం ఉంటుంది, అదీ కాదంటే హైకోర్టు తలుపు తట్టవచ్చు. ఒక పాటలోని చరణానికి దక్కే ఈ మర్యాద ఒక ప్రజాప్రతినిధి ఖాతాకు దక్కకపోవడం విచిత్రం.

అమెరికాలోనూ జరిగింది ఇంచుమించు ఇదే. పార్లమెంటు భవనంపై దాడి జరిగిన రెండు రోజులకు, 2021 జనవరి 8న, ట్విటర్ డొనాల్డ్ ట్రంప్ ఖాతాను శాశ్వతంగా మూసేసింది, యాజమాన్యం మారాక 2022 నవంబర్‌లో ఆ శాశ్వతత్వం ముగిసింది. ఫేస్‌బుక్ మాత్రం ‘నిరవధికంగా’ అన్నది, దాని సొంత పర్యవేక్షక మండలి వేటును సమర్థిస్తూనే, గడువు లేని శిక్ష తమ నిబంధనల్లోనే లేదని తప్పుపట్టింది, దాంతో సంస్థ రెండేళ్ళ గడువు పెట్టక తప్పలేదు.

మన దేశంలో గడువు, కారణం, పేరు అన్నీ ఉన్న వేటుకు ఎన్నికల సంఘమే నమూనా చూపింది. సిరిసిల్లలో చేసిన వ్యాఖ్యలకు 2024 మే 1న కె. చంద్రశేఖర్ రావును 48 గంటలు ప్రచారం చేయవద్దని ఆదేశించింది. అది న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు గాని, వాదించడానికి ఒక ఉత్తర్వు చేతిలో ఉంది. అంతకు ముందు నెలలో వైఎస్సార్ కాంగ్రెస్, చంద్రబాబు నాయుడు సహా పలువురి పోస్టులను తొలగించమని సంఘం కోరితే, ఎక్స్ సంస్థ ఎన్నికలు ముగిసేదాకా వాటిని ఆపి, తాము ఏకీభవించడం లేదని చెబుతూ ఆ ఆదేశాలను బయటపెట్టింది. పౌరుడికి తెలియవలసిన సంగతి తెలిసిన అరుదైన సందర్భమిది. కంపెనీ తనంతట తాను వేసే వేటుకు 2021 నాటి నిబంధనలు ముందస్తు సమాచారం, కారణాలు తప్పనిసరి చేశాయి, 2023 నుంచి అప్పీలు కమిటీలూ పనిచేస్తున్నాయి. ఆ కమిటీలను నియమించేది కేంద్ర ప్రభుత్వమే కావడంతో, ప్రతిపక్ష నాయకుడు తన ఖాతా కోసం అధికార పక్షం నియమించినవారి ముందే నిలబడాలి. వాక్‌స్వేచ్ఛ హక్కు ప్రధానంగా ప్రభుత్వం మీద ప్రయోగించేదే గనక, ప్రైవేటు కంపెనీపై నేరుగా కోర్టుకెక్కడమూ సులువు కాదు. నాయకుడికి సామాన్యుడికంటే ఎక్కువ వెసులుబాటు ఇవ్వనక్కరలేదు, అతని మాట ఎక్కువమందికి తగులుతుంది కాబట్టి నిబంధన ముందుగా అతనికే వర్తించాలి. వర్తింపజేసేవారు మాత్రం సంతకం పెట్టాలి.

బోరబండ ఉన్న జూబ్లీహిల్స్ నియోజకవర్గ ఉపఎన్నికకు 2025 నవంబర్ 11న పోలింగ్ జరిగింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు బహిరంగ ప్రచారం ఆగిపోవాలి, బోరబండ సందుల్లో తిరిగే ప్రచార ఆటోల మైకులకూ ఆ గడియే ఆఖరు. ఆ గడువులో వచ్చే అక్రమ పోస్టులను ఫిర్యాదు అందిన మూడు గంటల్లో తేల్చేస్తామని 2019లో కంపెనీలు ఒప్పుకున్న నియమావళి పేరు ‘స్వచ్ఛంద’ నియమావళి, వాట్సాప్ సందేశమైతే పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప దారిలో ఎవరికీ కనబడదు. మైకు ఆగిన రాత్రి ఫోన్లకు ఆ గడువు పట్టలేదు.