కంటి ప్రెషర్ 26 వచ్చింది... మరి గ్లాకోమా ఉన్నట్టా, లేనట్టా?

ఈ ఎపిసోడ్‌లో యాప్‌లు లేవు, కోడింగ్ లేదు. రెండు నెలలుగా వీడియోలు ఎందుకు లేట్ అవుతున్నాయని అడుగుతున్నారు కదా, దానికి కారణం నా కళ్ళు. సరిగ్గా చెప్పాలంటే మా నాయన కళ్ళు.

అద్దాల పవర్ మారిందేమోనని పోయిన ఏడాది నంద్యాలలో కంటి ఆసుపత్రికి పోయినా. గడ్డం స్టాండు మీద పెట్టమన్నారు. మెషిన్ కంట్లోకి ఫుస్‌మని గాలి కొట్టింది, నేను ఉలిక్కిపడినా. చీటీ మీద కుడి 26, ఎడమ 25 అని రాసిచ్చారు. మామూలుగా 10 నుంచి 21 లోపల ఉంటుందంట. బస్సు శిరివెళ్ల చేరేలోపు నెట్‌లో దొరికిందంతా చదివేసి, నాకు చూపు పోవడం ఖాయమని ఫిక్స్ అయిపోయినా. ఒక్క ఎర్రర్ మెసేజ్ చూసి సర్వర్ మొత్తం పోయిందనుకునే ఫ్రెషర్ ఉంటాడు చూడండి, అచ్చం అట్లా.

ముందు ఈ ప్రెషర్ ఏందో చూద్దాం. బీపీకీ దీనికీ సంబంధం ఉందనుకుంటారు చాలామంది. బీపీ మాత్ర వేసుకుంటే ఇది తగ్గిపోదు, ఇది వేరే. కంటి ముందు భాగంలో ఒక పల్చని నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. కన్నీళ్ళు కాదు, అవి బయటివి. ఈ లోపలి నీరు నల్లగుడ్డు అంచు దగ్గర జల్లెడ లాంటి దారి గుండా బయటికి పోవాలి. మన కేసీ కాలువ కింద పొలం ఉన్నోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. మడిలోకి నీళ్ళు వస్తానే ఉండి, పోయే దారి పూడుకుంటే ఏమవుతుంది? కంట్లో గట్టు తెగదు. ఆ ఒత్తిడి వెనకాల ఉన్న నరం మీద పడుతుంది. కంటి నుంచి మెదడుకు పోయే కేబుల్ అదే, అందులో పది లక్షలకు పైగా తీగలు. అవి నెమ్మదిగా చచ్చిపోవడమే గ్లాకోమా. తెలుగులో నీటికాసులు అంటారు.

ప్రెషర్ ఎక్కువ ఉండి నరం బాగుంటే దాన్ని గ్లాకోమా అనరు. ఆక్యులర్ హైపర్‌టెన్షన్ అంటారు. నాది అదే. అమెరికాలో ఇట్లాంటి 1,636 మంది మీద పెద్ద స్టడీ చేసి 2002లో ఫలితాలు ఇచ్చారు. చుక్కల మందు వేయని వాళ్ళలో అయిదేళ్ళకు 9.5 శాతం మందికి గ్లాకోమా మొదలైంది, వేసిన వాళ్ళలో 4.4 శాతం మందికి. అంటే మందు రిస్క్‌ను సగానికి పైగా తగ్గించింది. మందు లేకపోయినా ఆ అయిదేళ్ళలో 90 శాతం మందికి ఏమీ కాలేదు. రెండూ నిజాలే, ఒకటి పట్టుకుని రెండోది వదిలేయకండి.

మరి నేను ఏ గుంపులో ఉన్నానో ఎట్లా తెలుస్తుంది? దానికే మిగతా టెస్టులు. మొదట ప్రెషర్ మళ్ళీ చూశారు, ఈసారి గాలితో కాదు. కంట్లో మత్తు చుక్క, పసుపు రంగు వేసి, నీలం లైటు ఉన్న చిన్న మొన కంటికి తాకించి కొలుస్తారు. డాక్టర్లు ఎక్కువగా నమ్మేది దీన్ని. నాకు 24 వచ్చింది. తర్వాత కార్నియా మందం. సగటున 540 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, నాది 590. మందంగా ఉంటే మెషిన్ ప్రెషర్‌ను కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది, పల్చగా ఉంటే తక్కువ చేసి చూపిస్తుంది. పల్చటి కార్నియా వాళ్ళకు రిస్క్ కూడా ఎక్కువని ఆ అమెరికా స్టడీలోనే తేలింది. తర్వాత కంటి మీద చిన్న లెన్స్ ఆనించి నీళ్ళు పోయే దారి తెరుచుకుని ఉందా, ఇరుకైందా చూశారు. కొంచెం చిరాగ్గా ఉంటుంది, నొప్పి లేదు. ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోతే మాత్రం కన్ను ఎర్రబడి భయంకరమైన నొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. అది అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాల్సిన కేసు.

చివరికి చుక్కలతో కంటిపాప పెద్దది చేసి నరం చూశారు, ఓసీటీ స్కాన్ తీశారు. నరం బాగుంది. చుక్కలు వద్దు, ఆరు నెలలకోసారి రా అన్నారు. ఆ రోజు బండి మీద పోవద్దండి, నాలుగైదు గంటలు అంతా మసకే.

బయటికి వస్తుంటే డాక్టరమ్మ అడిగింది: "ఇంట్లో ఎవరికైనా ఉందా?" లేదన్నా. "చూపించారా?" అంది. లేదు.

మా నాయనకు 58. కొన్నాళ్ళుగా ఎడమ పక్కనున్న గ్లాసు తన్నేస్తాడు, మెట్టు తప్పుతాడు. ఒకసారి మెట్ట దగ్గర హైవే మీద ఎడమ పక్క నుంచి వచ్చిన బర్రెను ఆఖరి సెకన్‌లో చూసినాడు. అడిగితే "శుక్లాలురా, ముదరనీ, ఆపరేషన్ చేయించుకుందాం" అనేవాడు. బతిమాలి తీసుకుపోయినా. ప్రెషర్ 17, 16. నేను ఊపిరి పీల్చుకున్నా. డాక్టరమ్మ నరం చూసి ఏమీ మాట్లాడలేదు, ఫీల్డ్ టెస్ట్ రాసింది.

ఫీల్డ్ టెస్ట్ అంటే ఒక కన్ను మూసి, గిన్నె లాంటి మెషిన్‌లోకి చూస్తూ, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. మధ్యలో చూపు కదపకూడదు. కొన్ని చుక్కలు ఎవరికీ కనపడనంత మసగ్గా ఉంటాయి, టెస్టే అట్లా ఉంటుంది, కంగారు పడొద్దు. మా నాయన మధ్యలో కునుకు తీసినాడు, రెండో రోజు మళ్ళీ చేయించాం. ఎడమ కంటి పేపర్ మీద పై సగంలోనూ, ఎడమ అంచులోనూ నల్లగా వచ్చింది. గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదని ఆమె నిమ్మళంగానే చెప్పింది. శుక్లాలైతే ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఇందులో రాదు. 'ముదరనీ' అన్న ఆ మాటతో మేము ఎన్నేళ్ళు పోగొట్టుకున్నామో.

ప్రెషర్ ఎక్కువున్న నాకు జబ్బు లేదు, మామూలుగా ఉన్న ఆయనకు ఉంది! ఇదేం లాజిక్ అనుకున్నా. కానీ ఇది అరుదేమీ కాదు. ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో భాగంగా హైదరాబాద్‌లో పరీక్షలు చేసి, 2000లో ఫలితాలు ప్రచురించారు. దారి తెరుచుకునే ఉండే రకం గ్లాకోమా 27 మందిలో కచ్చితంగా కనిపించింది. అందులో మూడింట రెండొంతుల మందికి ఆ రోజు ప్రెషర్ 22 లోపే. ముందే తమకు జబ్బుందని తెలిసినవాళ్ళు ఎంతమంది? ఇద్దరే. అందుకే గాలి కొట్టించుకుని 'నార్మల్' అని ఇంటికొస్తే చెకప్ అయిపోయినట్టు కాదు. నరం చూశారా అని అడగండి.

ఇప్పుడు మా నాయనకు రాత్రికో చుక్క, మా అమ్మ డ్యూటీ. చుక్క పడినాక కన్ను మూసి, ముక్కు పక్కన మూల రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, టిమోలాల్ లాంటి చుక్కలు వాళ్ళకు ప్రమాదం.

ఇంకోటి, దీని మీద నాకు కోపమే ఉంది. కన్ను ఎర్రబడిందని, దురదని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుంటారు మన పిల్లలు. దురద పోతుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది. డాక్టర్ రాయకుండా వద్దు. ఫోన్ చూస్తే గ్లాకోమా వస్తుందా అంటే, స్క్రీన్ వల్ల కళ్ళు పొడిబారుతాయి, అది వేరే సంగతి. మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్ళకు మాత్రం రిస్క్ ఎక్కువ. శీర్షాసనం వేసినంతసేపు ప్రెషర్ రెట్టింపు దాకా పోతుంది, అందుకే నేను మానేసినా. అసలు వేసిందే రెండుసార్లు అనుకోండి.

మా నాయన టార్గెట్ 12 పెట్టారు. పోయినసారి 13 వచ్చింది. రాత్రిపూట బండి తాళం నా దగ్గరే ఉంటుంది, దాని మీద ఇంట్లో రోజూ గొడవే. వచ్చే నెల మళ్ళీ ఫీల్డ్ టెస్ట్. ఆ నలుపు అంతే ఉందా, పెరిగిందా అనేది అప్పుడు పాత పేపర్ పక్కన పెట్టి చూస్తారు. ఫైల్ మొత్తం స్కాన్ చేసి నా ఫోన్‌లో పెట్టుకున్నా.