ఇల్లు సరే.. కారెక్కడ?

* అడ్వాన్సు ఇచ్చాక బయటపడుతున్న పార్కింగ్ తంటా
* నోటిమాట నమ్మి నష్టపోతున్న బాడుగదారులు

బెంగళూరు: రాత్రి పదకొండు దాటింది. మారతహళ్లిలోని ఓ సందులో, కుప్పం నుంచి వచ్చి స్థిరపడ్డ క్యాబ్ డ్రైవరు కారుతో మూడో చుట్టు తిరుగుతున్నాడు. ఇంటి ముందు జాగా లేదు. పక్కింటి గేటుకు అడ్డం పెడితే పొద్దున్నే గొడవ. నాలుగు వీధుల అవతల ఖాళీ సైటు పక్కన నిలిపి, నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి పన్నెండు. తెల్లవారుజామున నాలుగింటికి ఎయిర్‌పోర్టు ట్రిప్పు. కారు అద్దం ఉందో లేదోనన్న బెంగతో సగం నిద్రే. బోర్డు మీద ‘పార్కింగ్ ఉంది’ అనే రాశారు. తీరా చేరాక తెలిసింది.. అది స్కూటర్లకని!

మారతహళ్లి, బెళ్లందూరు వైపు పాత ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇల్లు ఇచ్చేవారూ, అడిగేవారూ తెలుగువారే అయిన చోట ‘మనోళ్లే కదా’ అని నోటిమాట మీదే అడ్వాన్సు చేతులు మారుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

30-40 సైటులో ఎన్ని కార్లు?

నగరంలో ఎక్కువగా కనిపించేది 30-40 సైటు. అంటే 1,200 చదరపు అడుగులు. కింద పార్కింగుకు వదిలి పైన మూడు నాలుగు అంతస్తులు లేపుతారు. అంతస్తుకు రెండు పోర్షన్లయితే ఆరో, ఎనిమిదో కుటుంబాలు. మెట్లు, సంపు, మీటర్లు పోను మిగిలేది రెండు మూడు కార్ల జాగా. బోర్డు మాత్రం అందరికీ ఒకటే. క్యాబులుగా తిరిగే డిజైర్ పొడవు 13 అడుగులు, వెడల్పు ఐదున్నర అడుగుల పైనే. తలుపులు తెరుచుకోవాలంటే ఎనిమిది అడుగులైనా కావాలి. ముందు కారు తీస్తేగానీ వెనక కారు కదలని చోట నాలుగింటికి పక్క పోర్షను వాళ్లను నిద్ర లేపక తప్పదు.

అపార్టుమెంటులో ఇంకో లెక్క

అపార్టుమెంట్లలో ఫ్లాటు ఓనరు మాట ఒక్కటే చాలదు. తన స్లాటును ఆయన అప్పటికే ఇంకొకరికి ఇచ్చి ఉండొచ్చు. ఓపెన్, స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోరాదని ముంబయి కేసు ఒకదానిలో 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2016 నాటి స్థిరాస్తి చట్టం కూడా ఓపెన్ పార్కింగును ఉమ్మడి స్థలంగానే లెక్కగట్టింది. అందుకే స్లాటు నంబరు అడిగి, అసోసియేషన్ ఆఫీసులో సరిచూసుకోవాలి.

తప్పితే ఎంత నష్టం?

పది నెలల అడ్వాన్సు ఇక్కడ ఏళ్లనాటి ఆనవాయితీ. ఐదారు నెలలకు ఒప్పుకొనేవారూ ఉన్నారు. 15 వేల బాడుగకు ఆరు నెలలంటే 90 వేలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల బాడుగ కోత. బ్రోకరుకు ఇంకో నెల. పార్కింగ్ కుదరక మూడు నెలలకే మారితే 30 వేలు పోయినట్టే. సామాన్ల బండి ఖర్చు అదనం. ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం చెబుతోంది. కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది చెల్లుతుంది.

ఇవి చూసుకోండి..

* ఇంటిని పగలు చూసినా, పార్కింగును రాత్రి పది తర్వాత చూడాలి. అసలు రద్దీ అప్పుడే తెలుస్తుంది.
* సొంత కారునే లోపల పెట్టి, తలుపు తెరిచి, రివర్సు చేసి చూడాలి.
* పసుపు బోర్డు బండి అయితే ముందే చెప్పాలి. కొన్నిచోట్ల క్యాబులను రానివ్వరు.
* సెల్లారులోకి వాన నీళ్లు వస్తాయేమో ఇరుగుపొరుగును అడగాలి. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు వైపు కార్లు మునిగిన సంగతి మరవొద్దు.
* 11 నెలల అగ్రిమెంటులో ‘ఒక కారు పార్కింగ్, ఫలానా చోట’ అని రాయించుకోవాలి. దానికి విడిగా డబ్బులుంటే అదీ రాయాలి.

‘మనోళ్లే’ అన్న నమ్మకం మంచిదే. అది చెడకుండా ఉండాలంటే కాగితం మీద ఒక్క వాక్యం ఉండాలి. కుప్పం డ్రైవరు మళ్లీ ఇల్లు వెతుకుతున్నాడు. ఈసారి ముందు చూస్తున్నది గదులు కాదు.. గేటు లోపలి జాగా!